పైడమ్మ అటక

వానలు వెనకపట్టి, వలిసె చేలు పూతకొచ్చాక కాసే మొదటి గట్టి ఎండకి పైడమ్మ అటక దింపుతుంది. ఆ రోజు గూడెంలో ఆమెని ఎవరూ వేరే పనికి పిలవరు. పిలిస్తే నాలుగు తిట్లు తిని వెనక్కి పోవాల్సిందే.

అటకంటే ఏ మేడ మీది గదో అనుకునేరు! పొయ్యికి నిలువెత్తున, దూలానికి వేలాడగట్టిన వెదురుబద్దల తడక, అంతే. ఏడాది పొడవునా కింద మంట, పైన పొగ. వచ్చే ఏటికి విత్తనం చోళ్లు, సామలు, ఆనప గింజలు అన్నీ దాని మీదే. పురుగన్నది దరిదాపులకి రాదు. విత్తనం నిలిచినచోట కాగితం నిలవదా అని పైడమ్మ అత్తగారి కాలంలోనే ఎవరికో తోచింది. అప్పట్నుంచీ గూడెంలో పద్నాలుగు ఇళ్ల పట్టాలు, కార్డులు, పిల్లల బడి సర్టిఫికెట్లు వెదురు గొట్టాల్లో చుట్టి ఈ అటకకే వేలాడదీస్తారు. ఇనప్పెట్టెలో పెట్టినవాళ్ల కాగితాలు చెద తింది, బీరువా కొన్నవాళ్ల కాగితాలకి బూజు పట్టింది. పైడమ్మ పొగలో పెట్టినవి బెల్లం రంగుకి తిరిగాయి గానీ, ఒక్క అక్షరం చెదర్లేదు.

ఇంటికొక గొట్టం. గొట్టానికి కత్తితో గంట్లు. ఒక గంటు ఫలానావాళ్లది, రెండు గంట్లు ఫలానావాళ్లది. పైడమ్మకి చదువు రాదు. రాకపోతేనేం, చీకట్లో చేత్తో తడిమి ఎవరి కాగితం ఏదో చెప్పేస్తుంది.

ఆ మంగళవారం వాకిట్లో చాప పరిచి గొట్టాలు ఒక్కొక్కటే దింపింది. మసి పట్టిన గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, మూతికి కుక్కిన పీలిక లాగి, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి కాగితం చుట్టని మెల్లిగా మెలితిప్పుతూ బయటికి తీసింది. తొందరపడితే అంచు చిరుగుతుంది. చాటలో పరిచి, నాలుగు మూలలా నాలుగు చింతగింజలు పెట్టింది. చింతగింజ బరువు చాలు, రాయి పెడితే మచ్చ పడుతుంది. ఎండలో కూడా కాదు, చూరు నీడ అంచున పెట్టాలి. ఆరాక వేపాకు వేసి మళ్లీ చుట్టాలి.

మధ్యలో తలెత్తి పెరట్లోకి చూసి కేకేసింది. "ఓలె నిర్మలా! మేకని ఆ పనసచెట్టుకి కట్టొద్దని ఎన్నిసార్లు సెప్పాలే నీకు?"

కోడలు నిర్మల మేకని విప్పి కంచె రాటకి కట్టింది. మూడేళ్లుగా ఇదే తిట్టు. ఎందుకని ఆమె అడగదు, ఇందుకని ఈమె చెప్పదు.

పక్కింటి మంగ్లు చుట్ట నోట్లో పెట్టుకుని వచ్చి చాప పక్కన గొంతుక్కూర్చున్నాడు. వరసకి మరిది.

"వదినా, నా పట్టా బతికున్నాదా?"

"నీకన్నా గట్టిగానే ఉన్నాది, సూసుకో."

పట్టా బాగానే ఉంది. దాంతోపాటు అదే గొట్టంలో మంగ్లు పోయినేడు దాచమని ఇచ్చిన రేషను డిపో చీటీలు మాత్రం, మిషనులోంచి చర్రున వచ్చే చీటీలు, బొగ్గుముక్కల్లా బయటపడ్డాయి.

"ఇదేటే వదినా, నీ పొగ నా సీటీలు తినేసినాది!"

"దిక్కుమాలిన సీటీలు దాసమంటే నానేటి సేత్తాను? పట్టా బావుందా, లేదా?"

మంగ్లు నవ్వి ఒక చీటీని పొయ్యిలో అంటించుకొచ్చి చుట్ట ముట్టించుకున్నాడు. పైడమ్మకి నవ్వు రాలేదు. ఆమె చూపు గుమ్మంలోంచి అటక మీదికి పోయింది.

అక్కడ ఇంకొక్క గొట్టం ఉంది. అందరివీ అంచుకి వేలాడితే దాన్ని మాత్రం నట్టనడుమ, సరిగ్గా మంటకి పైన కట్టింది, అన్నిటికన్నా బాగా పొగ తగలాలని. దాని మీద గంటు లేదు. పోయినేడు వానల్లో నిర్మల బైబిలుకి చెద పడితే, అందులోంచి తీసి ఇచ్చిన కాగితం అది. "అత్తా, ఇది నువ్వే దాసు. నాకాడ నిలవదు," అంది. నిర్మల కడుపుతో ఉండగా ఆసుపత్రిలో తీసిన, కడుపులో బిడ్డ బొమ్మ. పైడమ్మ మొహం పక్కకి తిప్పుకునే దాన్ని అందుకుంది.

నిర్మల బిందె తీసుకుని ఊటకి వెళ్లేదాకా ఆగింది. మంగ్లుని కూడా ఏదో వంకతో పంపేసింది. అప్పుడు లోపలికి పోయి గొట్టం దింపి, పీలిక లాగింది. కాగితం వేడిగా ఉంది.

నల్లగా ఉంది. మూలనుంచి మూలకి, తారు పూసినట్టు నల్లగా ఉంది. తిరగేసింది. వెనక తెల్లగానే ఉంది. మళ్లీ తిప్పింది. మసేమో అని చీరకొంగు తడిచేసి ఒక మూల రుద్దింది. కొంగుకి ఏమీ అంటలేదు. పైడమ్మ పొయ్యి గట్టు పట్టుకుని అలాగే కూలబడింది. పద్నాలుగు ఇళ్ల కాగితాల్లో ఒక్కటి చెడలేదు. చెడకూడనిదొక్కటే చెడింది!

నిర్మల బిందె దించుతూ వాకిట్లోంచే అడిగింది. "అత్తా, నా గొట్టం తీసినావా? శుక్రోరం సంతకెల్లినప్పుడు అరకులో దాన్ని పెద్దది సేయించి పటం కట్టిత్తాను. ఆదోరం సమాదుల పండగ. మా యమ్మ సమాది కాడ ఎట్టుకుంతాను."

"పటమెందుకే?" పైడమ్మ కాగితాన్ని జాకెట్టులో దోపుకుంది.

"ఎందుకేటి? మా ఊల్లో అందరూ ఆల్లోల్ల ఫొటోలు ఎట్టుకుని, కొవ్వొత్తులు ఎలిగించుకుంతారు. మూడేళ్ల కాన్నుంచీ నా గుంటకి, నా బిడ్డకి, నానొక్కదాన్నే ఒట్టి సేతుల్తో ఎల్తన్నాను."

నిర్మలది పాచిపెంట దగ్గర క్రైస్తవుల ఊరు. అక్కడ ప్రతి చావుకీ ఒక సమాధి, ఒక సిలువ, ఒక పేరు. ఇక్కడ పైడమ్మ అత్తింటి ఆనవాయితీ వేరు. కళ్లు తెరవకుండా పోయిన బిడ్డని ఎవరూ చూడకూడదు, పేరు పెట్టకూడదు, ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పకూడదు. చెబితే తల్లి అక్కడే కూర్చుండిపోతుందని పెద్దల మాట.

"దానికింకా ఎండ సాల్లేదు. రేపు తీత్తాను లెయ్యి," అంది పైడమ్మ. కోడలితో ఆమె ఆడిన మొదటి అబద్ధం కాకపోవచ్చు గానీ, ఆడిన వెంటనే వెనక్కి తీసుకోవాలనిపించిన అబద్ధం ఇదొక్కటే.

బుధవారం పొద్దున్నే మోకాళ్ల నొప్పికి మాత్రలు తెచ్చుకుంటానని చెప్పి, జీపెక్కి అరకు వెళ్లింది. కాగితం జాకెట్టులో ఉంది. సంత వీధి చివర నతానియేల్ జెరాక్సు దుకాణం. గూడెంవాళ్ల పట్టాలకి నకళ్లు తీసేది అతనే. పైడమ్మ తెచ్చే కాగితాలంటే అతనికి సరదా. "మామ్మా, నీ కాయితం వస్తే నా షాపంతా పొగవాసనే!" అంటాడు. ఆ రోజూ అదే అన్నాడు, కానీ కాగితం చేతికి తీసుకోగానే నవ్వు మానేశాడు.

"ఇది స్కానింగు పేపరు కదా?"

"ఔను నాయనా. కడిగితే పోద్దా ఈ నలుపు?"

నతానియేల్ కాగితాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు. "ఇందులో ఇంకు ఉండదు మామ్మా. వేడి తగిలినచోట నల్లబడే కాయితం ఇది. మిషను లోపల సన్నగా వేడి తగిలించి బొమ్మ తీస్తాది. దీన్ని నువ్వు ఏడాది పొయ్యి మీద పెట్టావు. మొత్తం నల్లబడిపోయింది."

"మరి పట్టాలకేటీ కాలేదే! అయ్యీ కాయితాలే గదా?"

"అవి వేరే కాయితాలు మామ్మా."

మనుషుల్లో ఉన్నట్టే కాగితాల్లోనూ జాతులుంటాయని పైడమ్మకి ఎవరు చెప్పారు? నలభై ఏళ్లుగా అన్నిటినీ ఒకేలా చూసుకుంది. ఎక్కువ ప్రేమగా చూసుకున్నదే కాలిపోయింది.

"ఆయమ్మి అప్పుడే ఒక జెరాక్సు తీయించుకోవలసింది," అన్నాడు నతానియేల్. "రెండు నిమిషాల పని." అన్నాక తనకే బాధనిపించి, స్టూలు జరిపి కూర్చోమన్నాడు. "ఆసుపత్రిలో అడుగు. మిషనులో ఉండొచ్చేమో."

ఆసుపత్రిలో స్కానింగు గది ముందు నిండు గర్భిణులు బల్లల మీద వరసగా కూర్చున్నారు. పైడమ్మ వాళ్ల కడుపుల వైపు చూడకుండా గోడవైపు తిరిగి నిలబడింది. మధ్యాహ్నం దాటాక నర్సు ఫ్లోరెన్స్ బయటికి వచ్చి, సంగతంతా నిలబడే విన్నది.

"ఆ పాత మిషను పాడైపోయిందమ్మా. కొత్తది వచ్చి ఏడాదిన్నర అయింది. అందులోవి అందులోనే పోయాయి."

"రాసుకున్న పుస్తకమైనా లేదా తల్లీ?"

ఫ్లోరెన్స్ ఆ మాటకి జాలిపడిందో ఏమో, లోపలికి పోయి కాన్పుల రిజిస్టరు పట్టుకొచ్చింది. పాత పేజీలు తిప్పుకుంటూ పోయి ఒకచోట వేలు పెట్టి చదివింది. "నిర్మల, భర్త ఫల్గుణ. ఆడపిల్ల. బరువు రెండు కేజీల నాలుగు వందలు. కడుపులోనే పోయింది. నానమ్మ పైడమ్మకి అప్పగించడమైనది." పేజీ ఇటు తిప్పి చూపించింది. "ఇది మీ వేలిముద్రే కదా?"

నీలం సిరాలో, బొటనవేలి గీతలతో సహా, ముద్ర నిన్న వేసినట్టుంది. దానికి పొగా అక్కర్లేకపోయింది, వేపాకూ అక్కర్లేకపోయింది.

"మీ కోడలికి అప్పుడింకా మత్తు దిగలేదని కూడా రాసి ఉంది," అంది ఫ్లోరెన్స్. "బిడ్డని మీరే కదా తీసుకెళ్లారు. ఫొటో పోతే పోయింది. ఎలా ఉండేదో మీరు చెప్పండి మీ కోడలికి. మీరైతే చూశారు కదా!"

పైడమ్మ రిజిస్టరు వైపు చూడకుండా బయటికి నడిచింది.  ఆ రోజు పాత చీరలో చుట్టి ఇచ్చిన మూటని ఒళ్లో పెట్టుకుని, జీపులో దారి పొడవునా కిటికీలోంచి కొండలవైపే చూస్తూ వచ్చింది తాను. మూట బరువు గుర్తుంది. చెయ్యి తిమ్మిరెక్కితే రెండో చేతికి మార్చుకోవడం గుర్తుంది. చీరంచు ఒక్క వేలెడు పక్కకి జరిపితే మొహం కనబడేది. జరపలేదు. తిరుగు జీపులో అందరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆమెకి ఒక్క ముక్కా వినపడలేదు.

గురువారం అత్తాకోడళ్లిద్దరూ కాఫీ తోటకి పోయారు. మొదటి కోత. సిల్వరోక్ చెట్ల నీడన మంచు ఇంకా ఆరలేదు. నడుముకి బుట్ట కట్టుకుని, కొమ్మని ఒక చేత్తో వంచి, పండిన గింజని మాత్రమే రెండు వేళ్లతో తిప్పి తుంచాలి. పచ్చిది పడితే మొత్తం సరుకు ధర పడిపోతుంది. నిర్మల చెయ్యి ఈ పనిలో ఎంత నేర్పంటే, ఆమె బుట్టలో పచ్చిగింజ కోసం వెతకడం దండగని గూడెం అంతా అనుకుంటుంది.

"నిర్మలా," అంది పైడమ్మ మొక్కకి ఇవతలినుంచి.

"ఊఁ."

"నీ కాయితం పాడైపోనాది."

అవతల కొమ్మ కదలడం ఆగింది.

"నల్లగైపోనాదే. పొయ్యి యేడికి. అరకెల్లి అడిగినాను, ఆసుపత్రికీ ఎల్లినాను. ఎక్కడా లేదంట. నానే సేసినాను తల్లీ. మంచిగుంటాదని మంట మీద కట్టినాను." జాకెట్టులోంచి కాగితం తీసి ఆకుల మధ్యనుంచి అందించింది. "తిట్టు. కొట్టినా పడతాను."

నిర్మల కాగితాన్ని తీసుకోలేదు, కోత మొదలెట్టింది. గబగబా కోసింది. పైడమ్మ చూస్తూ ఉండగానే గుత్తికి గుత్తి, ఎర్రదీ పచ్చిదీ ఆకుతో సహా, దూసి బుట్టలో పోసింది. మూడు కొమ్మలు అలా దూసేసి, అప్పుడు ఆగింది.

"నీకు నానే గదా ఇచ్చినాను. నిన్నేటి తిట్టను?" అంది. నడుముకున్న బుట్ట విప్పి కింద పెట్టింది. "దాసినావు అత్తా. బాగానే దాసినావు. ఏడాదిలో ఒక్కపాలైనా యిప్పి సూసినావా?"

"సూడకూడదంటారే మనోల్లు..."

"మనోల్లు కాదు, మీయోల్లు." నిర్మల కొమ్మ వదిలేసి ఇటు తిరిగింది. "తొమ్మిది నెల్లు మోసినాను. మెలకువొచ్చేతలికి నువ్వు పట్టుకెల్లిపోనావు. ఎక్కడెట్టినావో సెప్పవు. మొకమెలాగున్నాదంటే సెప్పవు. ఈ ఇంట్లో ఆ బొమ్మ సూసింది నానొక్కదాన్నే. నీ కొడుక్కి సూపించబోతే లేసెల్లిపోనాడు. నీకు సూపించబోతే తల తిప్పుకున్నావు. ఒక్కరు సూడలేదు నా గుంటని. ఒక్కరు!"

కాగితం లాక్కుని, బుట్ట అక్కడే వదిలేసి గట్టు దిగి వెళ్లిపోయింది. పైడమ్మ ఆ బుట్ట ముందేసుకుని కూర్చుని, పచ్చిగింజలూ ఎర్రగింజలూ పొద్దువాలేదాకా వేరుచేసింది. కళ్లనీళ్లు అడ్డం పడుతుంటే ఏది పచ్చో ఏది ఎరుపో తెలియక, ఏరినవే మళ్లీ ఏరింది.

శుక్రవారం నిర్మల సంతకి పోలేదు. పలకరిస్తే పలుకుతుంది, అంతకు మించి మాటలేదు. తల్లికీ పెళ్లానికీ మధ్య ఏం జరిగిందో ఫల్గుణకి అర్థం కాలేదు. అతను జీపు డ్రైవరు. ఇంట్లో గాలి బాగోలేకపోతే జీపు తుడుచుకుంటూ కూర్చుంటాడు. ఆ రోజు రెండుసార్లు తుడిచాడు.

మంగ్లు తన గొట్టం మళ్లీ కట్టమని పట్టుకొస్తే పైడమ్మ తిప్పి పంపేసింది. "నీ కాయితం నువ్వే దాసుకో మరిదీ. నాకు తెల్దు ఏది నిలుత్తాదో, ఏది కాల్తాదో." మంగ్లు తెల్లబోయాడు. పైడమ్మ నోటినుంచి 'తెల్దు' అన్న మాట అతను ఎన్నడూ వినలేదు.

శనివారం మధ్యాహ్నం నిర్మల గుమ్మంలో కూర్చుని మర్నాటి ప్రయాణానికి సంచి సర్దుకుంటోంది. కొవ్వొత్తుల పొట్లం, బంతిపూలు, ఒక చీర. పైడమ్మ వచ్చి ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"ఆ కాయితం తియ్యి."

"ఎందుకు?"

"సూత్తాను."

నిర్మల ఆమె వైపు ఒకసారి చూసి, మొహం తిప్పేసుకుంది. "ఏటి సూత్తావత్తా? బొగ్గు."

"నాకు బొగ్గే. నీకు తెల్సు గదే, ఎక్కడేటి ఉన్నాదో. సూపించు." పైడమ్మ చేతులు రెండూ చాచింది. "అప్పుడు తల తిప్పుకున్నాను. బుద్ది తక్కువై తిప్పుకున్నాను. భయపడ్డానే. ఒకపాలి సూత్తే మరింక మట్టిలో ఎట్టలేనని భయపడ్డాను. ఇప్పుడు తిప్పుకోను."

 నిర్మల సంచిలో బట్టల అడుగునుంచి కాగితం తీసి అత్త అరచేతుల్లో పెట్టింది. పక్కకి జరిగి కూర్చుంది. చూపుడువేలు నలుపు మీద ఒకచోట ఆనించింది.

"ఇక్కడ తల." వేలు మెల్లిగా వంపు తిరిగింది. "ఇది నుదురు. పెద్ద నుదురు. ఇటు రా... ఇది ముక్కు."

"ఎలాగున్నాది?"

"సప్పిడిముక్కు. నీ ముక్కే."

పైడమ్మ కాగితం మీదికి ఇంకా వంగింది.

"ఇది గెడ్డం. దీని కింద సెయ్యి. పిడికిలి ఇలాగ నోటికాడ ఎట్టుకున్నాది, ఆకలేసినోల్లకి మల్లే. ఇయి ఏళ్లు. నాలుగే అవుపడతన్నాయి, ఒకటి లోపల ముడుసుకున్నాది. ఇది ఎన్నుపూస. సన్నగా, గింజలు గుచ్చినట్టు." వేలు కాగితం అంచుదాకా పోయి ఆగింది. "కాళ్లు రాలేదు బొమ్మలో. కాయితం సాల్లేదు."

"మల్లీ సూపించు," అంది పైడమ్మ.

నిర్మల మళ్లీ తలదగ్గర్నుంచి మొదలుపెట్టింది. రెండోసారి పైడమ్మ వేలు కూడా ఆమె వేలి వెనకే నడిచింది. నుదురు, ముక్కు, పిడికిలి. ఏడుస్తూనే నడిచింది. జీపు కడుగుతున్న ఫల్గుణ చేతిలో తడిగుడ్డతో వచ్చి వాళ్ల వెనక నిలబడ్డాడు. ఈసారి లేచి వెళ్లిపోలేదు.

ఆదివారం పొద్దున జీపు కింద రోడ్డు మీద సిద్ధంగా ఉంది. నిర్మల సంచి భుజానికి తగిలించుకుని వాకిట్లోకి వచ్చేసరికి పైడమ్మ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒక కొవ్వొత్తి ఇయ్యి. రెండు పూలియ్యి. నా యెంట రా."

పనసచెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. చెట్టుకి తూర్పువైపు, రెండు వేర్ల నడుమ చాటంత చోటు. అక్కడ గడ్డి పీకి, ఏడాదికొకసారి ఎవరో కొత్తమట్టి ఎత్తి పోసినట్టుంది. పైడమ్మ మోకాళ్ల మీద వంగి అరచేత్తో ఆ మట్టిని నిమిరింది.

"ఇక్కడే. తల తూరుపుకి ఎట్టినాను. ఆ మూట మీద నా ఎర్రంచు సీర సుట్టినాను, సలెయ్యకుండా."

నిర్మల సంచి జారి కిందపడింది. "ఇక్కడా?" అంది. "మూడేళ్లుగా... నానిక్కడే మేకని..."  మట్టి మీదికి ఒరిగిపోయింది.

కొండగాలికి కొవ్వొత్తి నిలవలేదు. రెండుసార్లు వెలిగిస్తే రెండుసార్లూ ఆరిపోయింది. మూడోసారి పైడమ్మ రెండు అరచేతులూ దోసిలిలా చుట్టూ అడ్డం పెట్టి కూర్చుంది. వేడి తగులుతున్నా చేతులు తీయలేదు.

"పేరేటే?" అని అడిగింది.

"పేరెట్టకూడదన్నారు గదా."

"ఎట్టుకోకుండా ఉన్నావేటి! నాకు తెల్దా?"

నిర్మల మట్టి మీద అరచెయ్యి ఆనించింది. "రత్నాలు. మా యమ్మ పేరు."

కింద రోడ్డు మీద ఫల్గుణ ఒకసారి హారను కొట్టాడు. ఇద్దరూ లేవలేదు. రెండోసారి కొట్టలేదు. అతని చెప్పుల చప్పుడు మెట్ల మీదుగా పైకి వస్తోంది.

పైడమ్మ మంట చుట్టూ పెట్టిన చేతులు అలాగే ఉంచి, నేలకి దగ్గరగా తల వంచింది. పక్కింటి పిల్లని నిద్రలేపినంత మామూలుగా పిలిచింది.

"ఓలె రత్నాలూ! మీ యమ్మ వొచ్చినాదే."